కోన బంగళా ముందు రాళ్ల ఇల్లు

శేషాచలం కొండల్లోని జాతీయ పార్కులో, కోన అంచున, తెల్లదొరలు కట్టించుకున్న పాత బంగళా ఒకటి ఉంది. తిరుపతి నుంచి వచ్చే వ్యాన్లన్నీ అక్కడ కాసేపు ఆగుతాయి. జనం దిగి, లోయను వెనక పెట్టుకుని ఫోటోలు తీసుకుని, లోయను చూడకుండానే వెళ్లిపోతారు. వాళ్లకు టీ కాచి ఇచ్చేది చంద్రకాంతమ్మ. ఆమె భర్త మునస్వామి అక్కడి కాపలాదారు. బంగళా వెనక గదిలోనే ఇద్దరి కాపురం.

మునస్వామికి చూపు తగ్గింది. "పొద్దు గూకితే రవ్వంత మసక, అంతే" అని భార్యను నమ్మించాడు. కోనలోకి దిగే దారి చీలిన ప్రతిచోటా మూడు రాళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. చేతికర్రతో వాటిని తడుముకుంటూ ఎక్కి వచ్చేవాడు. సొంతిల్లు కావాలని తిరుమల నడకదారిలో రాళ్లు పేర్చడం మనవాళ్లకు అలవాటే కదా. చంద్రకాంతమ్మ కూడా దారి మొదట్లో, బంగళాకు ఎదురుగా, ఒక ఇల్లు పేర్చింది. మునస్వామి మొదట కసిరి, తర్వాత మెత్తబడ్డాడు.

"సరే, ఉండనీ. ఇది కర్రకు తగిలిందంటే ఇల్లు చేరినట్టే నాకు."

మొన్న వానల్లో ఒక సాయంత్రం, చిత్తూరు కుటుంబం ఒకటి కింద జలపాతం మడుగు దాకా దిగింది. కొండ మీద మబ్బు కమ్మింది. వాగు పొంగుతుందేమోనని వాళ్లను పిలుచుకురావడానికి మునస్వామి దిగాడు. వాళ్లు తడుస్తూ, నవ్వుతూ పైకి వచ్చేశారు. ఆయన రాలేదు.

"మా ఆయన యాడమ్మా?" అని అడిగింది చంద్రకాంతమ్మ.

"ఇంకెవురన్నా ఉండారేమో సూసొస్తానన్నాడు, వస్తాడులే అక్కా" అంది ఆ ఇంటి కోడలు భానుశ్రీ, తల తుడుచుకుంటూ. "ఈడ రాళ్లు పేరిస్తే ఇల్లొస్తాదా? దోవంతా పేర్చుండారే! మేము గూడా మలుపు మలుపుకీ కట్టేసినాము. ఆ కొస బండ మీద గూడా ఒకటి. ఫోటో భలే వచ్చింది."

కొస బండ అవతల ఇక నేల లేదు. కిందంతా లోయే.

భక్తితో చేసిన పనికి ఎవరిని తిట్టాలి? చంద్రకాంతమ్మ తననే తిట్టుకుంది. ఎదురుగా ఉన్న తన రాళ్ల ఇంటిని కాలితో తన్నింది. దీన్ని చూసే కదా వాళ్లకు ఆ బుద్ధి పుట్టింది! దిగుడు దారిలో పడి పరుగెత్తింది. భానుశ్రీ మొగుడు టార్చి పట్టుకుని వెంటపడ్డాడు గానీ, తడి రాళ్ల మీద ఆమెను అందుకోలేకపోయాడు.

ప్రతి మలుపులోనూ మూడేసి రాళ్లు. ఏవి మొగుడివో, ఏవి వాళ్లవో ఆమెకే తెలియలేదు. ఇక ఆయనకేం తెలుస్తుంది?

"ఏమయ్యోవ్!" అని అరిచింది. జలపాతం హోరులో ఆ పిలుపు ఆమెకే వినపడలేదు. పెళ్లైన నాటి నుంచి నోట పలకని పేరు పలికింది.

"మునస్వామీ! ఓ మునస్వామీ! కదలొద్దు!"

ఆయన కొస బండ మీదే ఉన్నాడు. ఒక చెయ్యి ఆ రాళ్ల మీద వేసి, మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. రెండో చేతిలోని కర్ర ముందుకు చాచి ఉంది. దాని కొసకు ఏమీ తగలడం లేదు.

చంద్రకాంతమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగింది. ఇద్దరూ బండ మీద వెల్లకిలా పడ్డారు.

"రాళ్లుండాయి, దోవ లేదే" అన్నాడాయన, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించింది. పైకి వచ్చేసరికి బంగళాలో దీపాలన్నీ వెలుగుతున్నాయి. వ్యాను లైట్లు తిన్నగా వాళ్ల ముఖాల మీద పడుతున్నాయి. మునస్వామి ఆగాడు. కర్రతో కుడిపక్క నేలను తడిమాడు. ఎడమపక్క తడిమాడు.

"మన ఇల్లు తగల్లేదు. ఇంకా ఎంత దూరమే?"

రవ్వంత మసకేనని ఇన్నాళ్లూ అన్నాడు. చంద్రకాంతమ్మ ఆ వెలుతురులోనే కింద కూర్చుని, తాను తన్నేసిన రాళ్లను ఒక్కొక్కటిగా ఏరి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఆయన చేతిని తీసుకుని పై రాయి మీద ఉంచింది.

"వచ్చేసినాము" అంది.