గోద్రి అమ్మగారి నవ్వు

ట్రాయ్ పట్టణంలో ఆన్సెల్మ్ రంగుసుద్దలతో మనుషుల బొమ్మలు గీసేవాడు. ఆ రంగులు నూరి, సుద్దలుగా చుట్టి ఆరబెట్టడం భార్య పెరీన్ పని.

ఆ వసంతంలో గోద్రి అమ్మగారు బొమ్మ గీయించుకోవడానికి రాసాగింది. భర్త పోయి ఏడాది తిరగలేదు, మనిషి ఇంకా చక్కగా ఉంది. ఆమె వచ్చే పూట ఆన్సెల్మ్ నున్నగా గడ్డం గీసుకుని, జుట్టుకు సోకుగా తెల్లపొడి అద్దుకునేవాడు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ పెరీన్ పళ్లు నూరేది.

ఒకరోజు అతను పొగాకు కోసం వెళ్లగానే పెరీన్ ఆ బొమ్మ ముందుకెళ్లింది. నల్లపట్టు గౌను, మెడ చుట్టూ తెల్లని లేసు కుచ్చు. పెదవుల మీద మెత్తని నవ్వు, ఎదురుగా కూర్చున్నవాడి కోసమే విరిసినట్టు. పెరీన్ బొటనవేలితో ఆ నవ్వును రుద్దేసింది.

రుద్దాక చూస్తే పెదవి ఓ మూల కిందికి జారి ఉంది. బొమ్మలో మనిషి ఏడుపు దిగమింగుకుంటున్నట్టుంది. ఆమెకు భయం వేసింది. అంతలోనే తలుపు తెరుచుకుని భర్తా, వెనకే గోద్రి అమ్మగారూ వచ్చారు.

"నీ చెయ్యి పడిపోను! ఏం చేశావే?"

"నీ ముద్దుల నవ్వు చెరిపేశానయ్యా!"

గోద్రి అమ్మగారు బొమ్మను చాలాసేపు చూసింది. "అమ్మాయీ, ఈ గదిలో నేనొక్కనాడూ నవ్వలేదు. అదంతా మీ ఆయన అతికించిందే. ఇది నా మొహం. ఇక ముట్టుకోకండి."

"లేని నవ్వు ఎందుకు పెట్టావు?" అని పెరీన్ ఆ సాయంత్రం నిలదీసింది.

"అందరికీ పెట్టేదే! నవ్వకపోతే ఎవరు గోడకు తగిలిస్తారే?"

పెరీన్ సిగ్గుపడింది. కానీ ఆమె చెయ్యి పడితే మొహం ఉన్నదున్నట్టు వస్తుందని ఊళ్లో మాట పాకింది. వచ్చినవాళ్లంతా "మూతి మాత్రం మీ ఆవిడ చేత దిద్దించండి" అనసాగారు. ఇప్పుడు కుళ్లుకోవడం ఆన్సెల్మ్ వంతు. ఆమె సుద్ద పట్టిన రోజు సారాకొట్టుకు పోయి, రాగానే వంకలు వెతికేవాడు.

చివరికి ఒక ముసలి నోటరీ తన బొమ్మ గీయమని నేరుగా పెరీన్‌నే అడిగాడు. ఆన్సెల్మ్ జ్వరమని ముసుగు తన్నాడు. ఆమె ముఖమంతా ఒక్కతే గీసింది. నోటరీ వెళ్లాక అతను దుప్పటి కప్పుకునే వచ్చి చూశాడు.

"చెవి వంకరగా వచ్చింది."

"ఆయన చెవే వంకర," అంది పెరీన్ చేతులు కడుక్కుంటూ.