ఫైర్‌వాల్ చూడని దారి

కేబుల్ మీది నీలం తొక్కను వేలెడు మేర ఒలిచి, లోపలి సన్నతీగల మెలికలు విప్పి, ఒక్కొక్కదాన్నీ బొటనవేలి గోటితో సాపు చేస్తున్నాడు మొగులయ్య. రంగుల వరస తప్పకుండా తీగలు పక్కపక్కన పేర్చి, కొసలు ఒక్క కత్తిరింపుతో సమం చేసి, గాజులాంటి చిన్న ప్లగ్గులోకి తోశాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. ఒక తీగ కొస మిగతావాటి కంటే నూకగింజంత వెనక ఉంది. ప్లగ్గులోంచి తీగలన్నీ లాగేసి మళ్లీ కత్తిరించాడు.

“రెడీమేడ్ కేబుల్ తెచ్చిన కద మొగులయ్యగారూ,” అంది చంద్రకళ. టెస్టింగ్ పెట్టెను వెంటబెట్టుకుని హైదరాబాదు కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీరు ఆమె. సంగారెడ్డిలో కిరాణా వ్యాపారుల ఇంటి పిల్ల.

“మీది పొట్టిగుంది మేడం. గుంజి పెడితే ఇయ్యాల పనిజేస్తది. రేపు ఎలుక మీదికెల్లి పోయినా ఊడొస్తది.”

“మీ సర్వర్ రూంల ఎలుకలు గూడ ఉన్నయా?”

“కాజీపల్లిల మందుల ఫ్యాక్టరీ మేడం. ఈ వాసనకు మనుషులే ఆగుతలేరు, ఎలుకలేడ ఆగుతయి? మాటవరసకన్న.”

ఆమె నవ్వి తన పెట్టె తెరిచింది.

అది రెండువేల తొమ్మిదో సంవత్సరం. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యే మందు పొడిని విదేశాల వాళ్లు కొంటారు. మీ కంప్యూటర్లలోకి బయటివాడు దూరలేడని రుజువు చూపిస్తేనే సరుకు తీసుకుంటామని ఆ ఏడు వాళ్లు షరతు పెట్టారు. ఫ్యాక్టరీకీ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య ఫైర్‌వాల్ అనే కాపలా పెట్టె అప్పటికే ఉంది. వచ్చేపోయేదాన్ని తనిఖీ చేసి చెడ్డదాన్ని ఆపడం దాని పని. చంద్రకళ తెచ్చిన పెట్టె ఆ కాపలాదారుకే పరీక్ష పెడుతుంది. లోపలి కంప్యూటర్లు బయట ఉన్న చంద్రకళ కంపెనీ సర్వర్ నుంచి ఉత్తుత్తి దొంగసరుకును, అంటే చూడ్డానికి చెడ్డదైనా హాని చేయని ఫైళ్లను, తెప్పించుకునేలా చేస్తుంది. ఏ సరుకు తన ముందు నుంచి పోయిందో, దేన్ని ఆపిందో ఫైర్‌వాల్ వెంటవెంటనే ఆ పెట్టెకు కబురు పంపాలి. లోపలికి చేరిందీ, ఫైర్‌వాల్ చెప్పిందీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ కన్నం ఉందో తేలిపోతుంది. ఆ కబురు పోయే దారి వేయడం మొగులయ్య పని.

ప్లాంటు మేనేజరు పాండురంగం తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. లోపలికి వస్తే చలిపెడుతుందని ఆయన ఎప్పుడూ సర్వర్ రూం గడప దాటడు.

“ఏం మొగులయ్యా, కుట్లు అల్లికలు అయినయా? ఎవని కుర్చీ కింద కన్నం దొరికితే వాడు సాయంత్రానికి ఇంటికే. మాలీ అయినా సరే, నేనైనా సరే.” ఒక్క క్షణం ఆగి తనే నవ్వాడు. “నేనైతే గాదులే.”

మొగులయ్యది కర్దనూర్. తండ్రి పెద్దరాములు ఇతరుల చేలల్లో కూలికి పోయేవాడు. ఆ చేలు ప్లాట్లయి, ప్లాట్లు షెడ్లయి, కూలి పోయింది. పదో తరగతి తప్పిన మొగులయ్య పటాన్‌చెరులో మోటార్లకు వైండింగ్ చేసే దుకాణంలో చేరాడు. రాగి తీగ ఒక్క చుట్టు తప్పినా మోటారు కాలిపోతుంది. చుట్టు తప్పినవాడు ఎంత తియ్యగా మాట్లాడినా కాలిన మోటారు తిరగదు. నోటికీ చేతికీ ఉన్న ఆ తేడా అతనికి అక్కడే పట్టుబడింది. నర్సన్న చెల్లెలు ముత్యమ్మను పెళ్లి చేసుకున్నాక, నర్సన్నే అతన్ని వెంటబెట్టుకుపోయి తను పనిచేసే ఈ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ కింద పెట్టించాడు. కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటి కేబుళ్లు గోడల్లోంచి లాగినవాడు మొగులయ్య. లాగినవాడికి అవి ఎక్కడికి పోతాయో తెలుసుకోవాలనిపించింది. పెట్టెలతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాలు మాట మాటకూ వేలు పెట్టి చదివాడు. తెలియనిది ఇంజినీర్లను అడిగాడు, వాళ్లు చెప్పారు. అట్లా నెట్‌వర్క్ పని అతని చేతికొచ్చింది.

నర్సన్న కథ అట్లా నడవలేదు. గిరగిర తిరుగుతూ మందు పొడిలోంచి నీళ్లు వడగట్టే పెద్ద డ్రమ్ము దగ్గర పనిచేసేవాడు. మూత తెరిస్తే డ్రమ్ము తనంతట తాను ఆగాలి. కానీ అది మాటిమాటికీ ఆగి పని సాగట్లేదని, ముందటి షిఫ్టువాళ్లు ఆ ఆపే మీటను దాటవేసి తీగముక్క కట్టారు. ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీకి పోయినా ఉండే అలవాటే అది, అడ్డమొచ్చినదాన్ని తీగతో దాటెయ్యడం. నర్సన్న కుడిచేతి నాలుగు వేళ్లు డ్రమ్ములోనే పోయాయి. కేసు పెట్టొద్దు, బతికున్నన్నాళ్లూ గేటు దగ్గర కాటా పని నీదే అని ముసలి యజమాని నోటిమాట ఇచ్చాడు. కాటా అంటే లారీలను సరుకుతో సహా తూచే వంతెన. లారీ ఎక్కాక బరువు కంప్యూటరులో కొట్టడమే పని, ఎడమచేయి చాలు. ముసలాయన పోయాడు. కొడుకుల కాలంలో ఆ మాటకు సాక్షి లేడు. కాటా పనిని కాంట్రాక్టుకిచ్చేస్తే మేలని పాండురంగం ఏడాదిగా అంటున్నాడు. నర్సన్నను తీసెయ్యడానికి సాకు మాత్రం దొరకలేదు.

మర్నాడు టెస్టింగ్ పెట్టె కలపడానికి ముందే, ఆ మధ్యాహ్నం మొగులయ్య ఒక్కో గదికీ పోయి ఏ కేబుల్ ఎక్కడ తగులుకుందో చూసుకున్నాడు. కాటా గదిలో బల్ల కింద పాత తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు తీస్తే కింద టెలిఫోన్ లైనుకు కలిపిన ఇంటర్నెట్ మోడెం పచ్చ దీపాలతో మిణుకుతోంది. దాని తీగ తిన్నగా కాటా కంప్యూటరుకు పోతోంది.

“ఇదేంది బావా?”

నర్సన్న కిటికీలోంచి లారీ నంబరు చూస్తూ చెప్పాడు. “నా పైసలతోనే కొన్న. బరువు హెడ్డాఫీసుకు పోతెనే చిట్టీ వస్తది. మీ లైన్ల అది పోదు, చక్రం తిరుగుతనే ఉంటది. ఆడ లారీలోల్లు అమ్మనా బూతులు తిడ్తరు. ఇది పెట్టినంక చటుక్కున పోతంది.”

“బావా, సదరు దర్వాజకు నేను తాళమేస్తే నువ్వు దొడ్డి దర్వాజ బార్లా తీసినవ్. ఈ కంప్యూటర్లకెల్లి వచ్చినోడు ఫ్యాక్టరీ అంత తిరిగొస్తడు.”

“ఎవడొస్తడు బావా కాటాకు? లారీ డ్రైవర్లే వస్తరు.”

“రేపు టెస్టింగున్నది. అది దీన్ని పట్టిస్తది. పాండురంగం సారు ఏమన్నడో ఇన్నవా?”

నర్సన్న వినే ఉన్నాడు. గేటు దగ్గర అన్ని మాటలూ ముందే చేరతాయి. లేచి ఎడమచేత్తో తీగ పీకి, మోడెం దీపాలు ఆరేదాకా చూశాడు. “తీసిన. ఇగ పెట్ట. చెల్లె మీద ఒట్టు.”

మోడెంను తన సంచిలో వేసుకుపోవాలని మొగులయ్యకు అనిపించింది. చేయి చాచాడు కూడా. కానీ అది బావ సొంత సొమ్ముతో కొన్న వస్తువు. భార్య అన్న చేతిలోంచి వస్తువు గుంజుకోవడం, అదీ నమ్మనన్నట్టు, వాళ్లింట్లో లేదు. అట్లా గుంజుకుంటే పండక్కి ఒకరి గడప ఒకరు తొక్కరు. చాచిన చేత్తోనే తువ్వాలు సర్ది బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున అన్నం గిన్నె కడుతూ ముత్యమ్మ అడిగింది. “అన్న పని ఖాయమేనా? వదిన నిన్న ఏడ్చిందంట.”

“ఖాయమే. తప్పులేనోన్ని ఏం జేస్తరు.”

“ఒక్క చెయ్యోన్ని ఇంకోడు పనిల పెట్టుకోడు. జెర సూస్కో.”

సర్వర్ రూంలో మొగులయ్య కేబుల్ బిగించి, ఫైర్‌వాల్‌లో టెస్టింగ్ పెట్టె చిరునామా కొట్టగానే చంద్రకళ తెర మీద మొదటి కబురు పడింది. తర్వాత ధార కట్టింది. ఉత్తుత్తి దొంగసరుకు రావడం, ఫైర్‌వాల్ ఆపడం, ఆపానని చెప్పడం, వరస వెంట వరస పచ్చగా దిగుతుంటే మొగులయ్య చేతులు కట్టుకుని చూశాడు. రెండు చోట్ల ఫైర్‌వాల్ చూసి కూడా వదిలేసింది. వాటి నియమాలు అక్కడికక్కడే మార్చారు.

పరీక్ష బరువంతా ఫైర్‌వాల్ మీద పడడంతో ఫ్యాక్టరీ ఇంటర్నెట్ లైను నత్తనడక పట్టింది. కాటా మీద లారీ ఎక్కింది, దిగలేదు. వెనక ఇంకోటి, దాని వెనక యాసిడ్ ట్యాంకరు. హారన్లు సర్వర్ రూం దాకా వినిపించాయి. గడప దగ్గరున్న పాండురంగం గేటుకు ఫోన్ కలిపాడు.

“నర్సన్నా, రోడ్డు మీద జాతర పెట్టినవా? చెయ్యి సగమే ఉంటే పని గూడ సగమే చేస్తవా? పది నిమిషాల్ల గేటు ఖాళీ కాకపోతే నువ్వు ఖాళీ అయితవ్.” ఫోన్ పెట్టేసి చంద్రకళ వైపు తిరిగాడు. “గిట్ల మాట్లాడకపోతే పనిచెయ్యరు మేడం.”

“సార్, ఆగింది టెస్టింగు వల్లనే,” అన్నాడు మొగులయ్య. “జెరసేపు లారీలు ఆపుమనుండ్రి.”

“లారీలు ఆగితే నెల టార్గెట్ నువ్వు కట్టిస్తవా?”

కాసేపటికి హారన్లు ఆగాయి. లారీలు ఒకటొకటిగా కదిలాయి. పాండురంగం కనుబొమలెగరేశాడు, చూశావా అన్నట్టు. మొగులయ్య మాత్రం చంద్రకళ తెర వైపు తిరిగాడు. లైను ఇంకా నత్తనడకే నడుస్తోంది. లారీలు ఎట్లా కదిలాయో అతనికి తెలుసు.

చంద్రకళ తెర మీద ఒక ఎర్ర వరస దిగింది. కాటా గది కంప్యూటరుకు సరుకు చేరింది. ఫైర్‌వాల్ నుంచి కబురు లేదు. ఆపలేదు సరే, అసలు చూడనే లేదు.

ఆమె ముందుకు వంగి చూసింది. “ఒక్కటే ఇట్లొచ్చింది. మొగులయ్యగారూ, ఈ టైంకు మీ కేబుల్ గిట్ల వదులైందా? కొత్త ప్లగ్గు కద. ఒక్క సెకను ఊడినా కబురు పోదు. అట్లయితే ఇది మన లోపమే, ఈ వరస కొట్టేస్త.”

దారి తెరిచి ఉంది. ఊడింది మేడం అంటే చాలు. సాయంత్రం మోడెంను గోడకేసి కొట్టొచ్చు, రేపటికి కన్నమూ ఉండదు, నర్సన్న తన కుర్చీలో ఉంటాడు. పోయేది ఒక ప్లగ్గు పరువు. మొగులయ్య వంగి ప్లగ్గును వేళ్ల మధ్య పట్టుకున్నాడు. లాగి చూశాడు. ఇనుప మేకు దిగ్గొట్టినట్టుంది. ఇరవై ఏళ్లలో తను చేసిన పని వదులైందని ఒక్కడూ అనలేదు. ఇప్పుడు తన నోటితోనే అనాలి, అదీ పాండురంగం వింటుండగా.

“ఊడలేదు మేడం,” అన్నాడు. “నేను పెట్టిన ప్లగ్గు ఊడదు.”

మాట బయటపడ్డాక గానీ అది ఎవరి మీద పడిందో అతనికి పూర్తిగా అర్థం కాలేదు. ఒకవేళ ముందే అర్థమైందేమో, ఆ సంగతి తర్వాత ముత్యమ్మ ఎన్నిసార్లు అడిగినా అతను చెప్పలేకపోయాడు.

“అయితే కాటా గదికి వేరే దారి ఉంది,” అంది చంద్రకళ. ఆమె చెప్పింది పనిమాటే. ఆ గదిలో కూర్చునేదెవరో ఆమెకు తెలియదు.

పాండురంగం మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చాడు. “కాటా గది,” అన్నాడు మెల్లగా, మిఠాయి నోట్లో వేసుకున్నట్టు.

“సార్, ఆ మోడెం నిన్ననే తీసేసిండు. మీరు ఫోన్ల తిడితే భయపడి మళ్ల పెట్టిండు. లైన్ ఆగింది మన పరీక్షకే. తప్పు ఆయనదొక్కటే గాదు.”

“తిడితే కన్నం పెడతరా? నన్ను ఇంట్ల ఆడది రోజు తిడతది. నేను గోడకు కన్నం పెట్టుకున్ననా?” తలుపు దగ్గర చేరిన గుమాస్తాలు నవ్వారు. “నిన్న తీసేసిండంటివి. అంటే నీకు నిన్ననే తెల్సు. నిన్ను గూడ పంపాలె. కాని పని ఆగుతది. పో, ఆ డబ్బ, వాని గేటు పాసు నువ్వే పట్టుకరా. బామ్మర్దే గదా, మర్యాదగ తీస్కో.”

మొగులయ్య గేటు దాకా నడిచాడు. కాటా మీద ట్యాంకరు ఉంది. నర్సన్న అతన్ని చూశాడు, మొహం చూశాడు, ట్యాంకరు బరువు కొట్టి చిట్టీ చింపి డ్రైవరుకిచ్చాడు. బండి దిగి వెళ్లాక అతని వైపు తిరిగాడు.

“మిషిను జెప్పిందా, నువ్వు జెప్పినవా?”

“మిషిను అడిగింది. నేను జెప్పిన.”

“లేదన్నా నడుస్తుండెనా?”

మొగులయ్య బల్ల కింది పచ్చ దీపాల వైపు చూశాడు. “నడుస్తుండె.”

నర్సన్న తల ఊపాడు. మోడెం తీగ తనే పీకి, పెట్టెకు చుట్టి బల్ల మీద పెట్టాడు. పాసు తాడు మెడలోంచి తీయబోతే చెవికి తట్టుకుంది. మొగులయ్య సాయానికి చెయ్యెత్తాడు.

“ముట్టకు,” అన్నాడు నర్సన్న. ఎడమచేత్తో తంటాలుపడి తనే తీశాడు. “నా కుడిచెయ్యి కొట్టినోని పేరు ఇయ్యాల్టికి తెల్వదు. ఏ షిఫ్టోడు తీగ కట్టిండో. ఇది మాత్రం తెల్సు. ముత్యాన్ని అప్పుడప్పుడు తోలు. నువ్వు రాకు.”

అన్నం గిన్నె సంచి భుజానికేసుకుని, సెక్యూరిటీవాడు తడమడానికి చేతులు పైకెత్తి నిలబడి, గేటు దాటి బీరంగూడ వైపు పోయే ఆటో ఎక్కాడు.

మొగులయ్య తిరిగొచ్చి మోడెం, పాసు బల్ల మీద పెట్టాడు. చంద్రకళ వాటినీ అతన్నీ చూసింది. కాటా గదికి మరోసారి పరీక్ష పెట్టింది. సరుకు వచ్చింది, ఫైర్‌వాల్ ఆపింది, ఆపానని చెప్పింది. వరస పచ్చగా దిగింది. అన్ని గదులవీ ఇంకోసారి నడిపించారు. అన్నీ పచ్చగానే వచ్చాయి.

“పని పూర్తయినట్టే,” అంది ఆమె గొంతు తగ్గించి.

మొగులయ్య కేబుల్‌ను గోడవెంట క్లిప్పుల్లో బిగించి, రెండు చివరలా ఎక్కడి నుంచి ఎక్కడికో రాసి చీటీ అంటించాడు. నేల మీది తొక్కలు ఏరి బుట్టలో వేశాడు. ఫైర్‌వాల్ బీరువాకు తాళం వేసి, తాళంచెవినీ పాస్‌వర్డు పెట్టిన కవరునూ తెచ్చి పాండురంగానికి ఇచ్చాడు.

“అంతా అయినట్టేనా?” అన్నాడు పాండురంగం, కవరు సీలు చూస్తూ.

“అయింది సార్. ఒకపారి చూస్కోండ్రి.”

“నువ్వు చేసినంక చూసేదేముంటది,” అని పాండురంగం అప్పగింత కాగితం మీద సంతకం చేసి, కాటా కాంట్రాక్టు వాళ్లకు ఫోన్ కలిపాడు.