డేవిడ్ అన్నను కూర్చోబెట్టిన రోజు

మంచి మనిషిని ఒక్క మాటతో ఎలా ముంచాలో నేర్చుకోవాలంటే నన్నడగండి. ఆ విద్యలో నాకు ఎదురు లేదు. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. మూడేళ్లయినా నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

మేం వలసొచ్చి ఉంటున్న విదేశీ పేట సిటీవెస్ట్‌లో మాకొక బేస్‌బాల్ జట్టుంది. నేను చేరింది ఆడటానికి కాదు, స్కోరు రాయడానికి. ఊహ తెలిసినప్పటి నుంచి క్రికెట్ చూసినవాడికి ఇదెంత పని అనుకున్నాను. మా పిచర్, అంటే బంతి విసిరేవాడు, గుంటూరు నుంచి వచ్చిన నర్సు డేవిడ్ అన్న. ఆయన బంతి వేస్తే ఆ చప్పుడు లూవాస్ ట్రామ్ స్టాపు దాకా వినిపించేది. కానీ ప్రతిసారీ చివర్లో ఆయన్ను దించేసి వేరేవాళ్లతో ముగించేవారు.

ఆ ఆదివారం ములింగార్ అనే ఊరి జట్టుతో ఆట. మరుసటి వారం డేవిడ్ అన్న భుజానికి ఆపరేషన్. ఆ తర్వాత ఇక బంతి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు.

"ఈ ఒక్కసారి ఆఖరి బంతి నేనే వేస్తాన్రా. పాప కూడా వస్తంది చూడ్డానికి" అన్నాడు. పాప అంటే ఆయన కూతురు, పదేళ్ల గ్రేస్.

"నీదే అన్నా, నాది పూచీ" అన్నాను. ఎందుకంటే కెప్టెన్ ఏదో పెళ్లికి పోతూ ఆ రోజుకు నన్నే మేనేజర్ని చేసి జట్టును నా చేతిలో పెట్టాడు. నా దగ్గర ఎక్సెల్ షీటు ఉంది మరి!

పిచర్ అలసిపోతే బదులు దిగేవాళ్లను రిలీఫ్ పిచర్లంటారు. వాళ్లకు ముగ్గురు, మాకు ఇద్దరు. ఎవరి వేగమెంత, ఎవరిది ఎడమచేయి, వాన పడితే ఎవరు జారతారు అని పెళ్లిచూపులకు ముందు జాతకాలు చూసినట్టు వారం రోజులు రెండు జట్లనూ సరిపోల్చాను. చివర్లో మేమే బలహీనమని తేలింది. అయితే డేవిడ్ అన్నను చివరికి దాచుకోవాలి. క్రికెట్‌లో మంచి బౌలర్ ఓవర్లు ఆఖరికి దాచుకోమా ఏమిటి?

ఒక్క పరుగు ఆధిక్యంలో ఉన్నాం. రెండు ఇన్నింగ్స్, అంటే చెరో రెండు చిన్న బ్యాటింగ్ విడతలు, మిగిలాయి. మహా మేధావిలా మైదానంలోకి నడిచాను.

"అన్నా, జర కూర్చో."

"నాకేమైందిరా? బానే ఉన్నాగా!"

"ఆఖర్ల మళ్ల నువ్వే అన్నా."

"మళ్లీ రానిస్తార్రా? ఎప్పుడూ చూళ్లేదే!"

"నేనున్న గదన్నా, మొత్తం స్టడీ చేసిన!"

నమ్మాడు. పాపం, నన్ను నమ్మాడు. బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగాడు. బదులు దిగిన కోనర్ ఎలాగో నెట్టుకొచ్చాడు. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక్కడిని అవుట్ చేస్తే గెలుపే అన్నప్పుడు, పెళ్లికొడుకును పిలిచినట్టు పిలిచాను. డేవిడ్ అన్న లేచి టోపీ సర్దుకున్నాడు. గ్రేస్ ఫోను పట్టుకుని మైదానం గీత దగ్గరికి పరుగెత్తింది.

అంపైర్ పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "కుదరదు బాబూ. ఒకసారి బయటికి పంపావంటే ఈ ఆటకు ఇక అంతే."

"ఇట్లా కూర్చుని అట్లా లేచాడు సార్!"

"ఇక్కడ రూలంతే."

"మా షీటులో…"

"ఆ షీటులో రూలు రాసుకోలేదా?"

పన్నెండు వరుసల షీటులో అదొక్కటే లేదు. అన్నీ ఉన్నాయి, మేనేజర్ నోట్లో శని ఉంది.

"డాడ్, ఆర్ యూ నాట్ గోయింగ్ బ్యాక్ ఆన్?" అంది గ్రేస్, ఫోను దించి.

"లేదమ్మా. ఇట్స్ గ్రాండ్" అన్నాడు. ఈ దేశంలో గ్రాండ్ అంటే ప్రతిసారీ బాగుందని కాదు, ఇక అడగొద్దని కూడా.

కోనర్ ఆఖరి బంతి వేశాడు. గెలిచాం. అందరూ ఎగిరి గంతేశారు. డేవిడ్ అన్న కూడా చప్పట్లు కొట్టాడు, చేతికి గ్లవ్ తీయకుండానే. ఓడిపోయినా నాకు ఇంత సిగ్గనిపించేది కాదేమో.

ఆపరేషనయ్యాక ఓ రోజు మా ఇంటికొచ్చాడు.

"రా అన్నా, కూర్చో."

కదల్లేదు. కట్టుకట్టిన భుజంతో సోఫాను ఎగాదిగా చూశాడు.

"కూర్చుంటే మళ్లీ లేవనిస్తావా?"

మా ఆవిడ పడీ పడీ నవ్వింది. నేను వంటింట్లో ప్రెస్, అదే అల్మరా, తలుపు తీసి, లేని బిస్కెట్ల కోసం చాలాసేపు వెతికాను.

అందుచేత ఇంటిల్లిపాది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చేతిలో ఎంత గొప్ప షీటున్నా, నిలబడ్డ మనిషిని ఇక కూర్చోమని అననుగాక అనను. డేవిడ్ అన్న వస్తే నేనూ నిలబడే టీ తాగుతాను.