కుళాయి తిప్పని పొద్దు

కుళాయి మావయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు, కుళాయిని పలకరిస్తాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఒక చెవి గొట్టం వైపు పారేస్తాడు. చప్పుడు వింటే చాలు, ఆ ఇంట్లో ఎవరికి జలుబు చేసిందో చెప్పేస్తాడని ఊళ్ళో ఒక మాట ఉంది. అది వట్టి కోత. దగ్గయితే చెప్పగలడు గానీ జలుబు చెప్పలేడు.

ఆ పిచ్చికి జీతమిచ్చి మరీ కుర్చీ వేసింది పురపాలక ఆఫీసు. ఊరిది సముద్రపు ఒడ్డు. సీజన్ వచ్చిందంటే చాలు, పెరట్లో పిట్టగూడు ఉన్నా దాన్ని కూడా ఫోటో తీసి ఇంటర్నెట్టులో రోజువారీ అద్దెకి పెట్టేవాళ్ళున్నారు. దాంతో ఆసుపత్రి నర్సుకి గది దొరకదు, బస్సు డ్రైవరుకి వాటా దొరకదు. అనుమతి లేకుండా ఇళ్ళని హోటళ్ళు చెయ్యకూడదని రూలు పెట్టారు. పెట్టగానే అందరూ, మా ఇంట్లో ఉన్నది చుట్టాలండీ అనడం మొదలెట్టారు. ఒక్కొక్కరికీ అన్ని భాషల చుట్టాలు ఎలా వచ్చారో ఆ పైవాడికే తెలియాలి.

అప్పుడు ఆఫీసువాళ్ళు ఒక ప్రోగ్రాం కొన్నారు. నెట్టులో ప్రకటనలు, బస చేసి వెళ్ళినవాళ్ళు రాసిన పొగడ్తలు, నీళ్ళ మీటర్లు ఎప్పటికప్పుడు పంపే అంకెలు, అన్నీ కలిపి రుబ్బుతుందది. అనుమానం తగిలిన ఇల్లు మ్యాపు మీద ఎర్రగా వెలుగుతుంది. ప్రోగ్రాం నడిపేది మావయ్య మేనకోడలు. ఎర్రబడ్డ ఇల్లు నిజంగా దొంగ హోటలో కాదో తేల్చేది ఆయన.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పిల్లకి ఆయన చేసిన ఉపదేశం ఒకటే. "ఉద్యోగస్తుల ఇంట్లో నీళ్ళు పొద్దున్నే పరిగెడతాయి తల్లీ. సెలవుకొచ్చినవాళ్ళ నీళ్ళకి తొందరుండదు. బారెడు పొద్దెక్కాక లేచి ఒళ్ళు విరుచుకుంటాయి. మనుషులు ఎన్నైనా చెబుతారు. నీళ్ళు మాత్రం బొంకవు."

ఇది ఆఫీసుకే పరిమితమైతే గొడవే లేదు. మావయ్యకి వరసకి బావయ్యే ఆయన ఒకడున్నాడు, మూడంతస్తుల ఇంటివాడు. వాళ్ళ అత్తగారు పోతే మావయ్య, మేనకోడలు పరామర్శకి వెళ్ళారు. అందరూ తలలు దించుకుని కూర్చుంటే ఈయన తలెత్తి కప్పు వైపు చూస్తున్నాడు.

"పైన ఎవరున్నారు బావా?" అన్నాడు.

"ఎవరూ లేరు బావా, ఖాళీ" అన్నాడు మూడంతస్తుల బావ కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ ఎవరూ లేనివాళ్ళు ఇందాకట్నుంచీ స్నానం చేస్తూనే ఉన్నారేం?"

ఆయన జవాబు వెతుక్కునేలోగా మెట్ల మీంచి టోపీలు, తువ్వాళ్ళతో ఓ కుటుంబం దిగింది. ఏడుస్తున్న వాళ్ళ మధ్యలో నిలబడి, బీచికి దారెటండీ అని అడిగింది. మర్నాడే పై అంతస్తులకి తాళాలు పడ్డాయి. చుట్టరికానికి కూడా పడ్డాయి.

ఆ పగ బావ ఊరికే పోనివ్వలేదు. అదను చూసి ఒక ఫిర్యాదు పెట్టాడు. తన పక్కింట్లో ఒంటరిగా ఉండే దర్జీ మామ్మని మావయ్య వేధిస్తున్నాడనీ, పొద్దున్నే వెళ్ళి తలుపు బాదుతున్నాడనీ, సర్కారు మీటర్లు పెట్టుకుని ముసలావిడ నీళ్ళ మీద నిఘా వేశాడనీ. ఆఫీసు పెద్దసారు ఫిర్యాదు చదివి, విచారణ పెడుతున్నానన్నాడు. సరైన సమాధానం రాకపోతే మీటర్ల సెక్షన్ నుంచి తీసి పాత ఫైళ్ళ గదికి పంపేస్తానన్నాడు. పాత ఫైళ్ళ గది ఎలాంటిదంటే, అందులో చెయ్యి కడుక్కుందామన్నా కుళాయి లేదు. మావయ్యని అక్కడ వెయ్యడమంటే చేపని అటక మీద పెట్టడమే.

మేనకోడలికి దిగులు పట్టుకుంది. ఎందుకంటే బావ రాసింది అబద్ధం కాదు. మామ్మ ఇల్లు ఏనాడూ ఎర్రబడలేదు. అయినా రోజూ ఆఫీసుకొస్తూనే మావయ్య మొట్టమొదట తెరిచేది ఆవిడ మీటరే. ఒక్కోసారి దాన్ని చూస్తూ చూస్తూ, టీ గ్లాసు అలాగే వదిలేసి చెప్పుల్లో కాళ్ళు పెట్టేస్తాడు.

"ఆ మామ్మతో నీకేం పని మావయ్యా?" అని నిలదీసింది.

"అనుమానం."

"ఆవిడకున్నది ఒకే గది. అందులో సగం కుట్టు మిషనే."

"మిషను కింద జాగా ఉందమ్మా. పొట్టి టూరిస్టయితే సరిపోతాడు."

ఇంకెన్ని విధాల అడిగినా ఆ పొట్టి టూరిస్టు దగ్గర్నుంచి ఆయన్ని కదపలేకపోయింది.

విచారణ నాడు మామ్మ మెడలో కొలత టేపుతోనే వచ్చింది. కూర్చోమంటే కూర్చుని, పెద్దసారు చొక్కా భుజాల దగ్గర వదులైందని ముందు ఆ సంగతి చెప్పింది. తరవాత అసలు ప్రశ్నకి వచ్చింది. అవునండీ, వస్తాడు. తలుపు బాదుతాడు. టూరిస్టులెవరైనా దిగారా అని అడుగుతాడు. మంచం కింద వంగి చూస్తాడు, గుడ్డల మూట కదిపి చూస్తాడు. మూడంతస్తుల బావ మొహం ఒక్కో వాక్యానికీ ఒక్కో దీపంలా వెలిగింది. మేనకోడలు నేల చూపులు చూసింది.

"అయితే మీకు ఇబ్బందేనంటారా?" అన్నాడు పెద్దసారు.

"మొదటిసారి వచ్చిన రోజు నేను స్నానాల గదిలో పడున్నాను బాబూ. జారి పడితే కాలు కదల్లేదు. ఎంత అరిచానో. పక్కనే మూడంతస్తుల ఇల్లుంది, ఒక్క అంతస్తుకీ వినపడలేదు. ఈయన తలుపు విరగ్గొట్టుకుని వచ్చాడు. ఈ పాటికి మోగాల్సిన కుళాయి మోగలేదేమిటి అంటూ."

బావ మొహంలో దీపాలన్నీ ఒకేసారి ఆరిపోయాయి.

మామ్మ చెప్పుకుపోయింది. అప్పట్నుంచీ పొద్దున్న తన కుళాయి కాస్త ఆలస్యమైతే చాలు ఈయన పరిగెత్తుకొస్తాడట. బాగున్నారా అని జాలిగా అడిగితే తలుపు మొహం మీద వేస్తుందని ఆయనకి తెలుసు. అందుకే టూరిస్టుల వంక. ఆవిడా ఏమీ ఎరగనట్టు మంచం కింద వెతకనిస్తుంది. పోతూ పోతూ కాసేపు మాట్లాడి వెళ్తాడు.

"ఇంకోటి కూడా చెప్పెయ్యాలి" అంది మామ్మ, మొదటిసారి కొంచెం తడబడుతూ. "ఒక్కోసారి సాయంత్రమే బకెట్టు నింపి పెట్టుకుంటాను. పొద్దున్న కావాలనే కుళాయి తిప్పను. వస్తాడు కదా అని."

మావయ్య కుర్చీలోంచి లేచాడు. తనని ఫైళ్ళ గదికి పంపుతామన్నప్పుడు కూడా ఆ మొహం అంత వాడిపోలేదు.

"మొన్న వానలో తడుస్తూ వచ్చాను. అప్పుడు మీకేం కాలేదా?"

"ఏం కాలేదు నాయనా. మాట్లాడే మనిషి లేక, అంతే."

"మనుషులతో అయితే సరే. నీళ్ళ చేత బొంకించారు మీరు" అన్నాడాయన.

పెద్దసారు నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. ఆ తరవాత తీర్పు చెప్పాడు. మీటరు అంకెలు దొంగ హోటళ్ళ కోసమే. మనుషుల స్నానాలు వాళ్ళ అనుమతి లేకుండా తొంగి చూడ్డానికి కాదు, ఎంత మంచి మనసుతో అయినా సరే. మామ్మగారు ఒప్పుకుంటే చూడొచ్చు, కుర్చీ ఉంటుంది. ఒప్పుకోకపోతే ఆ మీటరు జోలికి పోకూడదు.

"చూసుకోమనండి" అంది మామ్మ. "కాకపోతే ఓ షరతు. కుళాయి తిప్పిన రోజు కూడా రావాలి."

మావయ్యకి అర్థం కాలేదు. "తిప్పితే ఇక రావడమెందుకు?"

"టీకి."

ఆయన సాయం కోసం మేనకోడలి వైపు చూశాడు. ఆ పిల్ల ఏం సాయం చేస్తుంది, నవ్వుతో సగం చచ్చి ఉంది.

మర్నాడు తెల్లవారుతూనే మామ్మ కుళాయి ఊరు మునిగేలా పారింది. మీటరు గీత తాటిచెట్టంత లేచింది. మావయ్య దాన్ని చూస్తాడు, లేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు.

"బాగానే ఉన్నారు కదమ్మా. ఏమని వెళ్ళను?"

"ఏమీ అనకుండానే వెళ్ళు మావయ్యా. లోకంలో అందరూ అలాగే వెళ్తారు."

జుట్టు సర్దుకుని, పెళ్ళికొడుకులా బిడియపడుతూ బయల్దేరాడు. మేనకోడలు తన పనిలో పడబోయి, ఉండబట్టలేక ఆయన కుర్చీలోకి జరిగింది. చాలాసేపు తెర మీద ఏమీ లేదు. తరవాత ఓ చిన్న గీత లేచింది. రెండు కప్పులు కడిగినన్ని నీళ్ళు.

ఎర్రబడ్డ ఇళ్ళు మ్యాపు నిండా ఉన్నాయి, పని బోలెడుంది. ఇక రమ్మందామని ఫోను తీసింది. అంతలో ఇంకో గీత లేచింది, సరిగ్గా అంతే పొడుగు.

ఫోను పక్కన పెట్టేసింది.