ఎర్త్ గుంతకు ఒక బకెట్టు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ ఉదయం రెండు కబుర్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. నీళ్ళ ట్యాంకరు పదింటికి వస్తుందని ఒకటి. గ్రౌండ్ ఫ్లోర్ పెద్దాయనకు పొద్దున్నే గుండెనొప్పి వచ్చిందని, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందని రెండోది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక సిగ్గేసింది. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క శ్లాబు.

మధ్యాహ్నానికి ఆయన్ను సెల్లార్‌లో ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. పటాన్‌చెరు నుంచి కూతురు వచ్చింది. "నాయినా" అంటూ పెట్టె మీద రెండు చేతులూ వేసి, ఒక్కసారిగా వెనక్కి లాక్కుంది. "అమ్మో, షాక్ కొడ్తుంది!" వాచ్‌మన్ ప్లగ్గు తీసి ఇంకో బోర్డులో పెట్టాడు. అక్కడా అంతే. ఎర్తింగ్ సరిగా లేదని ఎవరో అన్నారు. చివరికి పెట్టెను ముట్టుకోవద్దని చెప్పి, జానెడు దూరంలో ఆమెకు కుర్చీ వేశారు. ముప్పయ్యేళ్ళు కరెంటు స్తంభాలెక్కి ఇల్లు నడిపిన మనిషిని ఆయన బిడ్డ చివరిసారి తాకలేకపోయింది. ఎర్తింగ్ ఎందుకు లేదో నాకు తెలుసు. తల వంచుకుని నిలబడ్డాను.

ఇది పాటతో మొదలైన కథ. మాది నంద్యాల వైపు. పుప్పాలగూడలో ఈ ఫ్లాటు తీసుకుని ఆరేళ్ళయింది. సగం రోజులు ఆఫీసు, సగం రోజులు ఇంట్లోనే పని. నాకున్న ఒకే పిచ్చి సంగీతం వినడం. ఆ పిచ్చి ముదిరి ఒక డ్యాక్ కొన్నాను. కంప్యూటర్లో అంకెలుగా దాక్కున్న పాటను మళ్ళీ శబ్దంగా మార్చి స్పీకర్లకు పంపే పెట్టె అది. చాలా ఖరీదైనది. ఎంతో చెబితే మీరు నన్ను తిడతారు, మా ఆవిడ ఇప్పటికే తిట్టింది.

వానాకాలమంతా అది అద్భుతంగా పలికింది. ఫిబ్రవరి చివర్లో స్పీకర్లలోంచి గుయ్‌మని ఒక జీర మొదలైంది. వేణువు వింటుంటే దాని వెనకాల ఎవరో పాత ట్యూబ్‌లైటు వేసినట్టు. నేను చదువుకున్నవాణ్ణి కనుక చదువుకున్నవాళ్ళ పనులన్నీ చేశాను. తీగలు మార్చాను. పవర్ సప్లై మార్చాను. కంప్యూటరుకూ డ్యాక్‌కూ మధ్య ఇంకో పెట్టె పెట్టాను. ఇంటర్నెట్లో ఎక్కడెక్కడి మనుషులతోనో వాదించాను. జీర కదల్లేదు. పైగా డ్యాక్ మూత మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమనేది.

ఒక ఆదివారం కారిడార్లో తీగల అట్టపెట్టెలు పారేస్తుంటే పెద్దాయన చూశారు. అదివరకు మా ఇద్దరి మధ్య నమస్కారాలు తప్ప మాటల్లేవు. లైన్‌మన్‌గా రిటైరయ్యారని, ఈ అపార్ట్‌మెంటు కట్టింది ఆయన పొలంలోనేనని, బదులుగా ఆ కింది ఫ్లాటు వచ్చిందని మాత్రం తెలుసు.

"ఏంది బిడ్డా, రోజుకో డబ్బా తెప్పిస్తున్నవు?" అన్నారు.

చెప్పాను. ఆయన లోపలికి వచ్చి డ్యాక్ మీద వేలి వెనక భాగం ఆనించి తీశారు.

"వానలు వడ్డన్ని దినాలు మంచిగుండెనా?"

"ఉండింది పెద్దాయనా."

"నీ డబ్బ మంచిగనే ఉన్నది. భూమి ఎండింది. రా."

కింద మెయిన్ బోర్డు దగ్గర హోల్డరుకు రెండు తీగలున్న బల్బు ఒకటి తెచ్చారు. నన్ను దూరంగా నిలబెట్టి, ఒక తీగను ఫేజుకూ ఇంకోదాన్ని న్యూట్రల్‌కూ ఆనించారు. బల్బు ధగధగా వెలిగింది. ఎర్త్ బాగుంటే దాని మీదా అంతే వెలగాలట. రెండో తీగను న్యూట్రల్ మీంచి తీసి ఎర్త్‌కు ఆనించారు. బల్బులో ఎర్రటి దారప్పోగు మాత్రం కనపడింది. నేను నెల రోజులు చదివినదంతా ఆ ఎర్రటి పోగు ముందు దండగైపోయింది.

అపార్ట్‌మెంటు వెనక గోడవార సిమెంటు మూత కింద ఎర్త్ గుంత ఉంది. అందరి ఇళ్ళ ఎర్త్ తీగా భూమిలోకి దిగేది అక్కడే, ఆ మట్టి తడిగా ఉంటేనే అది పనిచేస్తుంది. బిల్డరు పోయాక దాన్ని తెరిచినవాళ్ళు లేరు. పెద్దాయన ఇంత బొగ్గు, ఇంత దొడ్డు ఉప్పు వేసి, పైపులో బకెట్టు నీళ్ళు పోశారు. నీళ్ళు గడగడా ఇంకిపోయాయి. "దూప మీదున్నది పాపం," అన్నారు. ఇక దినం విడిచి దినం ఒక బకెట్టు పోయడం ఆయన తన పనిగా పెట్టుకున్నారు. నేను పోస్తానన్నా వినలేదు. "నీకు ఆఫీసు ఉంటది తియ్. నాకేం పనున్నది?"

పైన కూడా చాలా సర్దారు. డ్యాక్‌ను ఇన్వర్టరు లైను మీంచి తప్పించి వేరే ప్లగ్గుకు పెట్టించారు. ఉల్టాగా ఉన్న తీగలు సరిచేశారు. పాట వినేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జరు పీకెయ్యమన్నారు, ఏసీ ఆపెయ్యమన్నారు. "సగం సప్పుడు బయటికెల్లి రాదు బిడ్డా, మనమే ఇంట్ల పెట్టుకుంటం," అనేవారు. పది రోజులకు గది నిశ్శబ్దమైంది.

ఆయన్ను పిలిచి, నా కుర్చీలో కూర్చోబెట్టి, ఒక వేణువు రికార్డు పెట్టాను. కళ్ళు మూసుకున్నారు. ఒక్క నిమిషం కాలేదు, చెయ్యెత్తారు.

"ఆపు జర. మల్ల పెట్టు. ఊదెటందుకు ముంగట ఆయన ఊపిరి గుంజిండు, ఇన్నవా?"

మళ్ళీ పెట్టాను. విన్నాను. ఆ రికార్డు నా దగ్గర ఏళ్ళుగా ఉంది. ఆ ఊపిరిని నేనెప్పుడూ వినలేదు. ఒక మనిషి నా గదిలో, నా ఎదురుగా, గాలి పీల్చుకున్నాడు.  ఆ తర్వాత ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన వచ్చేవారు. టీ ఇచ్చినా తాగకుండా చల్లార్చేవారు, గుటక చప్పుడవుతుందని.

ఏప్రిల్లో బోరు ఎండిపోయింది. ట్యాంకర్ల కోసం కొట్లాటలు మొదలయ్యాయి. సెల్లార్‌లో మీటింగు పెట్టారు. నేను కమిటీ మెంబర్ని, ముందు వరసలో కూర్చున్నాను. రెండో అంతస్తు ఆయన లేచాడు.

"స్నానాలకి నీళ్ళు లేక మేం అల్లాడుతుంటే, కింద పెద్దాయన బకెట్లకి బకెట్లు మట్టిలో పోస్తున్నారండి. ఇంకా తన పొలమే అనుకుంటున్నారేమో!"

కొందరు నవ్వారు. దాచడమెందుకు, నా మొహంలోనూ నవ్వులాంటిది కదిలింది.  పెద్దాయన నా వైపు ఒకసారి చూశారు. అది నా కోసమని, ఆ గుంత ఎండితే అందరికీ ప్రమాదమని ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ట్యాంకరు నీళ్ళను నా పాటల పెట్టెకు తాగిస్తున్నానని అందరూ నన్ను పట్టుకుంటారని భయం. ఫోన్ తీసి చూసుకుంటూ కూర్చున్నాను.

"సరే సార్. బంద్ జేస్త," అన్నారాయన.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. నేనూ పిలవలేదు. మూడు వారాలకు జీర తిరిగొచ్చింది. కిందికి పన్నెండు మెట్లు దిగి తలుపు తట్టాల్సినవాణ్ణి, ఇంకో ఖరీదైన పెట్టె తెప్పించుకున్నాను. అదీ పనిచేయలేదు. పోవడానికి వారం ముందు ఆయన గేటు దగ్గర కనపడి, "పాట మంచిగ ఇనవడ్తుందా బిడ్డా?" అని అడిగారు. ఆ గొంతులో దెప్పడం లేదు. "బాగుంది పెద్దాయనా," అన్నాను. మా మధ్య చివరి మాట అదే. అబద్ధం.

పదకొండో రోజు భోజనాలయ్యాక, అందరూ వెళ్ళేదాకా ఆగి, ఆయన భార్య పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. "ఆ మీటింగులో నేను మాట్లాడాల్సింది పెద్దమ్మా," అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. లేచి వెనక గోడవారకు తీసుకెళ్ళింది. అక్కడ ఒక తెల్లటి పెయింటు బకెట్టు ఉంది. అంచుదాకా నిండి, పొర్లి, కింద మట్టి తడిసి ఉంది. పైనుంచి ఒక సన్నటి పైపు అందులోకి చుక్క చుక్కగా కారుతోంది.

"ఇది మీ ఏసీ పైపే బిడ్డా. నువ్వు ఇంట్ల కూసోని పన్జేస్తె పగలంత కారుతది. గవ్వే పోస్తుండె. ట్యాంకర్ నీల్లు ఒక్క చెంబు గూడ ముట్టలె."

 ఏ నీళ్ళు పోస్తున్నారని నేను ఒక్కనాడూ అడగలేదు.

"మరి మీటింగులో చెప్పొచ్చు కదా పెద్దమ్మా?"

"నేను గదే అడిగిన. చెప్తె ఎవరి కోసమంటరు, ఆ పిల్లగాని పేరు బయటవడ్తది అన్నడు. వాడే చెప్తడు తియ్యి అన్నడు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రెండు మూడు దినాలు నీ కోసం సూశిండు."

ఆ బకెట్టు నేనే మోశాను. ఉప్పు ఎంత వెయ్యాలో తెలియదు, గుప్పెడు వేశాను. నీళ్ళు ఇంకిపోయాయి. అప్పటి నుంచి దినం విడిచి దినం పోస్తున్నాను. గ్రూపులో నిజం రాశాను, ఆయన పోసిన ఏసీ నీళ్ళ గురించీ, ఆ మీటింగులో నా మౌనం గురించీ. దాని కింద కూడా దండాల బొమ్మలే వచ్చాయి. కూతురికి ఫోన్ చేసి చెప్పాలని నంబరు తీసుకున్నాను. ఇంకా చేయలేదు. ఏమని చెప్పను, మీ నాయిన్ని మీరు ముట్టుకోలేకపోవడానికి నేనే కారణమనా?

మొన్న ఆదివారం మధ్యాహ్నం డ్యాక్ ఆన్ చేశాను. చార్జరు పీకాను. ఏసీ ఆపాను. జీర కొంచెం తగ్గింది, పోలేదు. వేణువు పెట్టబుద్ధి కాలేదు. ఎదురుగా ఆయన కూర్చునే కుర్చీ ఉంది. కిటికీ కింద బకెట్టులో ఒక చుక్క పడింది. చాలాసేపటికి ఇంకొకటి. ఏసీ ఆపేశాను కనుక అదే ఆఖరిదేమోననుకుంటూ, మరో చుక్క కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను.