అత్తమ్మ కరెంటు సంస్థ మీద వేసిన కేసు

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి పక్క సందులో ఒక కరెంటు స్తంభం ఉంది. ఒక వానాకాలం అది మావైపు ఒరిగిపోయి, తీగలు డాబా మీదికి దిగాయి. పైకి వెళ్తే నడుం వంచి నడవాల్సి వచ్చేది. మా అత్తమ్మ బట్టలు ఆరేయడం మానేసి, లైన్‌మన్ కనబడినప్పుడల్లా అతన్ని దులిపేసేది.

ఒకరోజు అన్నం తింటూ, "గీ కరెంటు సంస్థ మీద కేసేద్దాం" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని కోర్టు దగ్గరున్న వకీలమ్మ ఆఫీసుకు బయల్దేరింది.

"సర్కారు సంస్థ మీద సీదా పోయి కేసెయ్యొద్దమ్మా" అంది వకీలమ్మ. "ముందుగాల నోటీసియ్యాలె. జవాబియ్యనీకి టైమియ్యాలె. అప్పటికీ కదలకపోతే, కరెంటు, నీళ్లు, బస్సుల అసొంటి వాటికి శాశ్వత లోక్ అదాలత్ ఉంది. ఆడ కోర్టు ఫీజు లేదు, వకీలు గూడ అక్కర్లేదు."

"మరి నువ్వేం జేస్తవ్ బిడ్డా?" అంది అత్తమ్మ.

వకీలమ్మ పకపకా నవ్వి నోటీసు రాసిచ్చింది.

రిజిస్టర్ పోస్టులో పంపాం. జవాబు రాలేదు. లోక్ అదాలత్‌లో వేసే అర్జీకి ఫోటోలు కావాలంటే అత్తమ్మ కొత్త చీర కట్టుకుని తయారైంది. నేను ఫోన్ పట్టుకుని తంటాలు పడుతుంటే లైన్‌మన్ అటుగా వచ్చాడు.

"అక్కా, గట్ల గాదు. ఈ గోడ కాడికెల్లి తియ్యి, ఒరిగింది సాఫ్ కనబడ్తది" అని, గొంతు తగ్గించి, "కేసెయ్యుండ్రి. నేనడిగి అడిగి యాష్టకొచ్చిన. గాలొస్తే నాకే భయమైతది" అన్నాడు.

"గీ ముచ్చట ముందే చెప్పొద్దా కొడుకా!"

"నువ్వు చెప్పనిస్తే గదా అమ్మా."

విచారణ రోజు సంస్థ తరఫున ఒక ఇంజనీరు వచ్చాడు. "లైన్ వేశాకే వీళ్లు ఇల్లు కట్టుకున్నారు సార్" అన్నాడు. అది నిజమే. కేసు పోయినట్టే అనుకున్నాను.

అత్తమ్మ లేచి నిలబడింది. "అవ్ సార్, తీగలే ముందుగాల ఉండె. అప్పుడు మస్తు మీదుండె. ఇప్పుడు కిందికొచ్చినయ్. నా ఇల్లేమన్న పెరిగిందా?"

ఇంజనీరుకే నవ్వాగలేదు. లోక్ అదాలత్ అధ్యక్షుడు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాడు. సంస్థ సొంత ఖర్చుతో స్తంభం మారుస్తానని ఇంజనీరు ఒప్పుకున్నాడు. రాజీ పత్రం మీద అందరం సంతకాలు పెట్టాం. అది కోర్టు డిక్రీతో సమానమట, తప్పించుకోవడానికి లేదట.

తిరుగు బస్సులో అత్తమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది.

"గెలిచినం గదా, ఏమైంది?" అన్నాను.

"బోనెక్కిస్తరనుకున్న."

స్తంభం మార్చిన రోజు వీధంతా కరెంటు పోయింది. అత్తమ్మ సందులో కుర్చీ వేసుకుని పని పూర్తయ్యేదాకా కదల్లేదు. క్రేన్ వెళ్లాక డాబా ఎక్కి, ఈ చివరి నుంచి ఆ చివరికి నిటారుగా నడిచింది. కింద నుంచి ఎంత పిలిచినా చాలాసేపు దిగలేదు.