ఉతికిన జెండా

మా అమ్మాయికి హైస్కూల్లో వాలంటీర్ గంటలు కావలసి వచ్చి మేమిద్దరం ఈ పనిలో దిగాం. గంటలు పూర్తి కాగానే అది చక్కగా మానేసింది. కోరి కొని తెచ్చుకున్న తద్దినంలా పని నా మెడకు చుట్టుకుంది.

అమెరికాలో మేముండే కమ్మింగ్ ఊళ్లో మిలిటరీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు. చిరిగిపోయిన, వెలిసిపోయిన జాతీయ జెండాలు సేకరిస్తాడు. వాటి నీలం గుడ్డ మీద కుట్టిన నక్షత్రాలను మేం ఒక్కొక్కటిగా కత్తిరిస్తాం. నక్షత్రాన్ని చిన్న కవర్లో పెట్టి, ‘మిమ్మల్ని మరచిపోలేదు’ అని రాసిన కార్డుతో మాజీ సైనికులకు పంచుతాడాయన. నేను వారానికో సంచి జెండాలు ఇంటికి తెచ్చుకుని మధ్యాహ్నాలు కత్తెర పట్టుకుని కూర్చునేదాన్ని.

పోయిన శీతాకాలం ఆ సంచిలో ఒక జెండా త్రికోణంగా మడిచి ఉంది. విప్పితే మా మంచమంత ఉంది. ఎండ తగిలిన జాడే లేదు. ఇక్కడ సైనికుడు పోతే శవపేటిక మీద జెండా కప్పుతారనీ, తర్వాత ఇలాగే మడిచి భార్య చేతిలో పెడతారనీ నాకు తెలుసు. పైపు పొగాకు వాసన గుప్పుమంది.

చావు తాకిన గుడ్డను తడపకుండా ఇంట్లో ఉంచే వంశం కాదు మాది. పసుపు నీళ్లు చల్లితే తెల్ల చారలు పాడవుతాయని ఆ ఒక్కటీ మానాను గానీ, రెండుసార్లు వాషింగ్ మెషిన్‌లో వేశాను. జెండా సబ్బు వాసనతో బయటికి వచ్చింది. పొగాకు వాసన మాత్రం లాండ్రీ రూమ్‌లోనే ఉండిపోయింది. ఫ్యాన్ పెట్టాను, సాంబ్రాణి వేశాను. కదల్లేదు.

“అమ్మా, లాండ్రీ రూమ్‌లో ఎవరో అంకుల్ స్మోక్ చేస్తున్నట్టుంది. క్రీపీగా ఉంది, నేను వెళ్లను,” అంది మా అమ్మాయి.

మూడో రోజు పెద్దాయన ఫోన్ చేసి ఆ జెండా కత్తిరించవద్దన్నాడు. ఒక ముసలావిడ ఇల్లు మారుతోందట. కూతురు సామాన్లు సర్దుతూ పొరపాటున ఇచ్చేసిందట. భర్త కోటులో చుట్టి దాచుకున్న జెండా అట అది.

ఆ మధ్యాహ్నమే ఆవిడ చేతికర్రతో వచ్చింది. జెండా అందుకుని మొహం అందులో దాచుకుంది. తలెత్తి నా వైపు చూసింది. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే గానీ, ఎందుకో నాకు తెలుగులోనే గుర్తుంది.

“ఉతికారా?”

“ఉతికానండీ. పోయినవాళ్లను తాకిన బట్టలు మేం ఉతికేస్తాం. ఏ బంధమూ లేకుండా వాళ్లు వెళ్లిపోవాలని.”

“వెళ్లిపోకూడదనే నేను పదేళ్లు ఉతకలేదు.”

కోప్పడినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఏం చేయాలో తోచక, చేయి పట్టుకుని లాండ్రీ రూమ్‌కి తీసుకెళ్లాను. తలుపు తీయగానే ఆవిడ ఆగిపోయింది.

“ఇక్కడున్నావా!” అంది. నాతో కాదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

అప్పటి నుంచి ప్రతి గురువారం వస్తోంది. గంటసేపు లోపల కూర్చుని మాట్లాడుతుంది. నేను మా బట్టలు బయట ఉతికించుకొస్తున్నాను. మెషిన్ పాడైందని మావారికి చెప్పాను. రిపేర్ మనిషిని పిలుస్తానంటే కసిరాను.

రెండు వారాలుగా నాకు ఆ వాసన రావడం లేదు.

ఈ గురువారం ఆవిడ గుమ్మంలో ఆగి, “ఉన్నాడు కదూ?” అని అడిగింది.

“ఉన్నారండీ,” అన్నాను.

తలుపు పడింది. లోపల ఆవిడ ఏదో అడిగి, జవాబు కోసం ఆగింది. బయట నేనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పోయినవాడు పోవాలని గుడ్డ ఉతికినదాన్నే, ఒక్క మాట పలకమని ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.